రిటైనర్ లాగ్: కింది ట్రే మీద గార ఇంకా వదల్లా

పళ్ళు జరక్కుండా రాత్రిళ్ళు పెట్టుకునే ప్లాస్టిక్ రిటైనర్ ట్రే మీద గార మళ్ళీ వచ్చేసింది! అదే చోట, కింది ట్రే లోపలి వైపు, ముందు నాలుగు పళ్ళ వెనకాల. స్కేలు పెట్టి చూస్తే 14 మిల్లీమీటర్ల పొడవు, 3 వెడల్పు, గోటికి గరుగ్గా తగులుద్ది గానీ ఊడి రాదు. పళ్ళు మాత్రం కదల్లా, రాత్రి పెట్టుకుంటే బిగుతుగా కూడా లేదు, అక్కడికి సంతోషం.

ముందు మా ఒంగోలు ఇంటి బోరు నీళ్ళ మీదే అనుమానం. హీటర్ రాడ్డుకి సున్నం కట్టే నీళ్ళు, టీడీఎస్ మీటర్ (నీళ్ళల్లో కరిగిన లవణాలు కొలిచేది) పెడితే 1260, టిన్ను నీళ్ళేమో 48. అందుకని కింది ట్రేని టిన్ను నీళ్ళల్లో, పైదాన్ని బోరు నీళ్ళల్లో కడగడం, నానబెట్టడం మొదలుపెట్టా. నీళ్ళదే పాపమైతే పైదానికి పట్టాలి కదా, పట్టలా, కిందదానికే పట్టింది. నీళ్ళు అటూ ఇటూ మార్చినా అదే కథ. పైదాన్ని లైటు కింద తిప్పి తిప్పి చూస్తే వెనక దవడ పళ్ళ దగ్గర, అదీ బుగ్గ వైపు, పలచగా ఓ మచ్చ కనపడింది, అప్పుడు వెలిగింది బుర్రలో: ఉమ్ము ఊరే గొట్టాలు తెరుచుకునేది సరిగ్గా ఆ రెండు చోట్లే, నాలుక కింద ఒకటి, పై దవడ పళ్ళకి ఎదురుగా బుగ్గలో ఇంకోటి. ఉమ్ములోని కాల్షియం, ఫాస్ఫేటే గట్టిపడుతున్నాయని నా అంచనా, బోరు నీళ్ళ వాటా ఉన్నా కొంచెమే.

కట్టుడు పళ్ళకి వేసే బిళ్ళలతో వాసన పోద్ది, చేపల పులుసు పసుపు కూడా కొంత తగ్గుద్ది, ఈ గారని మాత్రం కదిలించలేవు, దీనికోసమైతే డబ్బులు దండగ. పేస్టు అసలొద్దు, గీతలు పడి వాటిల్లోనే ఇంకా పడుద్ది. తెల్ల వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి అరగంట ఉంచితే అంచులు మెత్తబడ్డాయి, మెత్తటి బ్రష్‌తో సగం పైనే పోయింది, మధ్యలో గట్టి ముక్క అట్టనే ఉంది. మరిగే నీళ్ళు పొయ్యమని ఇంట్లో ఉచిత సలహా, ట్రే వంకరపోతే మళ్ళీ అచ్చు తీయించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారంట?

ఇప్పుడు పొద్దున తీసీ తియ్యగానే, ఎండకముందే, గిన్నెల లిక్విడ్ చుక్కేసి రుద్దుతున్నా. ట్రే బదులు పళ్ళ వెనక తీగ అతికించుకుందామా అంటే గార పట్టేదీ అక్కడే, దాని కింద రోజూ ఫ్లాస్ దూర్చే ఓపిక నాకు లేదు. హాలీ టైపు పలకైతే (తీగా, గట్టి ప్లాస్టిక్కూ కలిపి చేసే రిటైనర్) కొన్నాళ్ళు మాట ముద్దగా వస్తదంటారు గానీ గట్టిగా రుద్దుకోవచ్చు. ముందు పళ్ళ గార తీసే స్కేలింగ్ చేయించుకుని, ఈసారి కొత్త ట్రే 1 మిల్లీమీటర్ షీటుతో చేస్తారేమో అడగాలి.