నల్లకుంటలో మోగాల్సిన ఫోను

మా అమ్మకు స్మార్ట్‌ఫోన్ ఉంది. కొనిచ్చింది నేనే. వీడియో కాల్ చేస్తే పది నిమిషాలూ నాకు సీలింగ్ ఫ్యానే కనిపిస్తుంది. వాట్సాప్‌లో మాట అతుక్కోదట, చెవి మిషన్ పెట్టుకుంటే కీచుమంటుందట. ఆమె లెక్కలో ఫోనంటే హైదరాబాద్ నల్లకుంట ఇంట్లో, హాల్లో టీపాయ్ మీద, కుట్టుపూల గుడ్డ కింద ఉండేదే. న్యూజెర్సీలో ఉంటూ ఇన్నేళ్లుగా చవక కాల్స్ కోసం నేను పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క ఫోను మోగించడానికే.

2001లో వచ్చాను. హాస్పిటల్ ల్యాబులో నైట్ షిఫ్ట్. పొద్దున ఏడింటికి డ్యూటీ దిగేసరికి హైదరాబాద్‌లో చలికాలమైతే సాయంత్రం ఐదున్నర, ఎండాకాలమైతే నాలుగున్నర. అమ్మ చాయ్ తాగే వేళ. అప్పటికి మన దేశంలో విదేశీ కాల్స్ అన్నీ ప్రభుత్వ కంపెనీ వీఎస్ఎన్ఎల్ గుప్పిట్లోనే ఉండేవి. 2002 ఏప్రిల్ 1న ఆ గుత్తాధిపత్యం పోయింది, రేట్లు దిగుతూ వచ్చాయి. కానీ నేను వచ్చిన కొత్తలో ఇంటి ఫోన్ నుంచి నేరుగా ఇండియాకు కలిపే ధైర్యం మాలో ఎవరికీ లేదు. దిక్కల్లా కాలింగ్ కార్డే. ముందే డబ్బు కట్టి కొనుక్కోవాలి, గీకితే పిన్ కనిపిస్తుంది, కార్డు కంపెనీ యాక్సెస్ నంబరుకు చేసి ఆ పిన్ కొడితే కాల్ కలుపుతారు.

ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక ఇండియన్ కిరాణా కొట్టు. కౌంటర్ వెనక గోడ నిండా కార్డులు. పక్కన పోస్టరు: హైదరాబాద్‌కు ఇన్ని నిమిషాలు, ముంబైకి ఇన్ని, 'మిగతా ఇండియా'కు ఇన్ని. ఊరిని బట్టి రేటు! సూర్యాపేటలో ఉండే మా మేనమామ మిగతా ఇండియా కిందికి వచ్చేవాడు, అందుకని ఆయనకు ఫోన్ దసరాకు, సంక్రాంతికి మాత్రమే. సంగతి తెలిసి ఆయన, "నీ ఫోన్ కోసం హైదరాబాద్‌ల ఇల్లు కిరాయికి తీసుకోవాల్నారా?" అన్నాడు.

నా మొదటి కార్డు ఐదు డాలర్లది. దాని మీద రాసింది 20 నిమిషాలు, దక్కింది 13. కొట్టాయన్ని అడిగితే కార్డు వెనక వైపు చూపించాడు. చీమ తలకాయంత అక్షరాలు. కాల్ కలిసినందుకు ఒక ఛార్జీ. మొదటిసారి వాడాక వారం వారం 'మెయింటెనెన్స్' కోత, అంటే మనం మాట్లాడకపోయినా కార్డు కరుగుతూనే ఉంటుంది. సెకన్లను పై నిమిషానికి సర్దడం సరేసరి, కొన్ని కార్డులు ఏకంగా మూడేసి నిమిషాల చొప్పున లెక్కకట్టేవి. టోల్‌ఫ్రీ నంబరు ద్వారా చేస్తే ఎక్కువ రేటు, లోకల్ యాక్సెస్ నంబరుకు తక్కువ రేటు. పోస్టరు మీద ఉండేది ఎప్పుడూ రెండోదే. ఇలాంటి మోసాల మీద ఇక్కడ వ్యాపార మోసాలు చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కొన్ని కార్డు కంపెనీలను కోర్టుకీడ్చింది. నా ఏడు నిమిషాలు మాత్రం పోయినవే.

నాలుగైదు కార్డులు తగలబెట్టాక ఒక పద్ధతి పట్టుబడింది. లోకల్ నంబరుకే చేయాలి. కార్డు గీకితే ఆ పూటే ఖాళీ చేయాలి, రేపటికి దాచుకోకూడదు. అందుకే రోజూ రెండు నిమిషాలు కాకుండా ఆదివారం ఒక్కటే పెద్ద కాల్. డబ్బు లెక్క ప్రకారం అది రైటే. కానీ అమ్మ ఆ సంగతి కనిపెట్టి మంగళవారం జ్వరం వచ్చినా ఆదివారం దాకా దాచిపెట్టేది. అప్పటికి తగ్గిపోయి ఉండేది కాబట్టి చెప్పేదే కాదు.

యాక్సెస్ నంబరు, పిన్, ఆపైన విదేశీ కాల్‌కు 011, ఇండియాకు 91, హైదరాబాద్‌కు 40, మన నంబరు. మొత్తం ముప్పై పైచిలుకు అంకెలు. చివర్లో ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికి. నైట్ షిఫ్ట్ చివర్లో కళ్లు మూతలు పడుతుంటే ఇంకా కష్టం. ఒకరోజు ఇంటికి పోయేదాకా ఆగలేక ల్యాబు ఫోన్ నుంచే టోల్‌ఫ్రీకి చేశాను. బయటి లైనుకు ముందు 9, తర్వాత 1 నొక్కాలి. నిద్రమత్తులో ఆ 1 రెండుసార్లు పడింది. 911, ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు. అవతల ఒకావిడ "మీ ఎమర్జెన్సీ ఏమిటి" అంటోంది. కంగారులో పెట్టేశాను. అది ఇంకా పెద్ద తప్పు, పెట్టేస్తే అనుమానం వచ్చి వాళ్లే తిరిగి చేస్తారు. కాసేపటికి సెక్యూరిటీ గార్డు వచ్చి నిలబడ్డాడు. మా అమ్మకు ఫోన్ చేస్తున్నానని చెప్పడానికి నాకు మాట పెగల్లేదు.

అటు నుంచి అమ్మ చేయడం అంటే, ఇంటి ఫోన్‌కు ఐఎస్‌డీ, అంటే విదేశాలకు చేసే సౌకర్యం, లేదు. వీధి చివర పసుపుపచ్చ బోర్డు బూత్ ఉండేది. అక్కడ ఎర్ర అంకెల మీటరు తిరుగుతుంటే ఆమెకు మాట తడబడేది. "పైసలు కాలుతున్నయి బిడ్డా, నువ్వే చెయ్" అని పెట్టేసేది. చెప్పాలనుకున్నదేదో బూత్‌లోనే మిగిలిపోయేది.

2009 ఆగస్టులో నెట్ మీద ఫోన్ నడిపే వోనేజ్ కంపెనీ వాళ్లు నెలకు 24.99 డాలర్లకు ఇండియాతో సహా అరవై దేశాలకు ఎంతసేపైనా అన్నారు. పన్నులు వేరే. తీసుకున్నాను. సూర్యాపేట కూడా హైదరాబాదే అయిపోయింది. మామయ్యకు నెలకు నాలుగుసార్లు చేస్తే, "పనిలేదారా నీకు?" అన్నాడు. ఆ తర్వాత స్కైప్‌లో డబ్బులు వేసుకుని ల్యాండ్‌లైన్‌కు చేయడం అలవాటైంది.

నెట్ మీద నడిచే కాల్ పూర్తిగా ఉచితం కావాలి కదా, ల్యాండ్‌లైన్‌కు చేస్తే పైసలెందుకు అని మా పిల్లలు అడుగుతారు. కాల్ సముద్రం దాటేదాకా నెట్టే. చివర్లో అది మన టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి దిగాలి, దిగినందుకు అక్కడి కంపెనీకి నిమిషానికింత కట్టాలి. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ రేటును 2015లో 53 పైసలు చేసింది, 2018 ఫిబ్రవరి నుంచి 30కి తగ్గించింది, 2020లో 35 నుంచి 65 పైసల మధ్య ఎంతైనా పెట్టుకోమంది. ఈ రుసుము ఎగ్గొట్టడానికే కొందరు సిమ్ బాక్సులు, అంటే బోలెడు ఇండియా సిమ్ కార్డులు దూర్చిన పెట్టెలు, పెట్టి విదేశీ కాల్‌ను లోకల్ కాల్‌గా మార్చి దించుతారు. అది నేరం. హైదరాబాద్‌లోనూ అలాంటి దొంగ ఎక్స్ఛేంజీల మీద పోలీసు దాడులు జరిగాయి. మరీ చవగ్గా దొరికిన ఒక యాప్‌తో చేసినప్పుడు అమ్మ ఫోన్ డిస్‌ప్లే మీద ఇండియా మొబైల్ నంబరే పడింది. "ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? చెప్పనన్న చెప్పలే!" అంది సంబరంగా. రాలేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. ఆ యాప్ ఆరోజే తీసేశాను.

2025 మే 5న స్కైప్ మూతపడింది. ఇంకో సర్వీసు వెతుక్కున్నాను. నిమిషానికి సెంటున్నర అవుతోంది. ఇప్పుడు సమస్య ఇటు కాదు, అటు. పాత రాగి తీగ తీసేసి ఫైబర్ వేశారు. రాగి తీగ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ ఫోను రౌటర్‌తో పాటే ఆగిపోతుంది. మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం గంటసేపు చేశాను, కలవలేదు. చివరికి పక్కింటి వదినకు చేస్తే, చీకట్లో కొవ్వొత్తి పట్టుకుని వెళ్లి చూసొచ్చింది. అమ్మ ఆ ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుందట, నా కాల్ వస్తుందని.

తెల్లారి ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి ఆర్డర్ చేశాను. రెండు నెలల కాల్స్ ఖర్చు కన్నా అదే ఎక్కువైంది. వదిన వచ్చి బిగించింది. అమ్మ దాన్ని కూడా కుట్టుపూల గుడ్డ కప్పి పెట్టింది. వేడెక్కుతుంది, గుడ్డ తీసెయ్యమ్మా అని ప్రతి ఆదివారం చెబుతున్నాను.