సెకండ్ అవెన్యూలో ఆడ్లర్ల జాడ

జెర్సీ సిటీలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, చూడవలసిన చోట్లలో నేను మొదట రాసుకున్నది మాన్‌హట్టన్‌లో గ్రాండ్ స్ట్రీట్, క్రిస్టీ స్ట్రీట్ కలిసే కూడలి. "అక్కడ ఏముంది నాన్నా? చైనావాళ్ళ కూరగాయల అంగళ్ళు తప్ప" అంది అమ్మాయి. వెళ్ళి చూస్తే ఆమె చెప్పిందే నిజం. మంచుగడ్డల మీద పరిచిన చేపలు, అట్టపెట్టెల్లో ఆకుకూరలు, పక్కనే సారా రూజ్‌వెల్ట్ పార్కులో బల్లల చుట్టూ మూగిన ముసలివాళ్ళు. 1903లో ఈ కూడలిలో గ్రాండ్ థియేటర్ వెలిసింది. తూర్పు యూరప్ యూదులు ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలో నాటకాల కోసమే న్యూయార్క్‌లో కట్టిన మొదటి రంగశాల అది. దాని ఇటుకముక్క కూడా ఇప్పుడు కనబడదు.

వయసులో ఉన్నప్పుడు పరిషత్తు నాటకాల్లో వేషాలు కట్టినవాణ్ణి. నటనలో శిక్షణ అనే మాట వచ్చినప్పుడల్లా మా దర్శకుడు స్టెల్లా ఆడ్లర్ పేరెత్తేవాడు, హాలీవుడ్ నటుడు మార్లన్ బ్రాండోకు పాఠం చెప్పిన ఆవిడ అని. ఆమె నాలుగేళ్ళ పిల్లగా మొదటిసారి రంగం ఎక్కింది ఈ గ్రాండ్ థియేటర్‌లోనే. నాటకం తండ్రిది, కంపెనీ తండ్రిది. మన సురభి కుటుంబాల పిల్లల్లాగే ఆ ఇంటి పిల్లలకు నడకా నటనా ఒకేసారి వచ్చాయి. ఆ తండ్రి పేరు జేకబ్ ఆడ్లర్. నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఆయన కోసం. తీరా తిరిగాక మనసులో ఎక్కువ చోటు ఆక్రమించింది మాత్రం ఆయన వదిలేసి వెళ్ళినవాళ్ళు.

జేకబ్ 1855లో నల్లసముద్రం ఒడ్డున ఒడెస్సాలో పుట్టాడు. కుర్రతనంలో షోకిలా. కొన్నాళ్ళు తూనికలు, కొలతల తనిఖీ ఉద్యోగం వెలగబెట్టాడు. ఆ రోజుల్లోనే, 1876లో, రుమేనియాలోని యాష్ పట్టణంలో గోల్డ్‌ఫాడెన్ అనే కవి ఒక తోటలో యిడ్డిష్ నాటకాలు మొదలుపెట్టాడు.  ఆ భాషలో వృత్తి నాటకానికి వయసు అంత తక్కువ. ఆ బృందాలు ఒడెస్సా చేరేసరికి జేకబ్ ఉద్యోగం మానుకుని వాళ్ళలో కలిసిపోయాడు. ఆయనకు పాట రాదు. పాటల నాటకాలే రాజ్యమేలుతున్న రంగం మీద ఇది చిన్న లోటు కాదు. మాటతో, కంటితో, మౌనంతో నెట్టుకురావాలి. తర్వాత ఆయన గంభీరమైన నాటకాల కోసం పట్టుబట్టడానికి ఇదొక కారణమని నా నమ్మకం. పాడగలిగి ఉంటే హాయిగా పాడుకుంటూ బతికేవాడు.

1883లో రష్యా ప్రభుత్వం యిడ్డిష్ నాటకాలను నిషేధించింది. ఆడ్లర్ భార్య సోన్యాతో లండన్ చేరాడు. స్పిటల్‌ఫీల్డ్స్‌లో, యూదు దర్జీలూ చెప్పులు కుట్టేవాళ్ళూ ఉండే ఇరుకు వీధుల్లో నాటకాలు వేశారు. 1886లో కొడుకును కని సోన్యా చనిపోయింది. అదే ఏడు మరో స్త్రీకి ఆయన వల్ల చార్ల్స్ పుట్టాడు. 1887 జనవరిలో నాటకం నడుస్తుండగా ఎవరో "నిప్పు" అని అరిచారు. నిప్పు లేదు. తొక్కిసలాటలో 17 మంది పోయారు. తర్వాత ఆ హాలుకు జనం రావడం మానేశారు. ఆడ్లర్ బృందం అమెరికా వెళ్ళి, అక్కడ నిలదొక్కుకోలేక మళ్ళీ లండన్ వచ్చింది. ఈ సందట్లోనే ఆయన డైనా ష్టెట్టిన్ అనే యువనటిని పెళ్ళాడాడు. 1889లో న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఆ ఏడాది చివర వాళ్ళకు సీలియా పుట్టింది. బిడ్డకు ఊహ తెలియకముందే తండ్రి సారా అనే మరో నటి వైపు మళ్ళాడు. 1891లో సారాతో పెళ్ళి. డైనా తరువాత ఫైన్‌మన్ అనే నటుణ్ణి చేసుకుంది.

ఇదంతా గుర్తుపెట్టుకుని 1892 దగ్గరికి రండి. జేకబ్ గోర్డిన్ అనే రచయిత ఆడ్లర్ కోసం 'యిడ్డిష్ కింగ్ లియర్' రాశాడు. షేక్‌స్పియర్ రాజు ఇందులో విల్నా పట్టణపు వ్యాపారి. పూరిమ్ పండగ విందులో ఆస్తిని ముగ్గురు కూతుళ్ళకు పంచేస్తాడు. చిన్నది మాత్రం కానుక వద్దని చెప్పి, వైద్యం చదవడానికి పీటర్స్‌బర్గ్ వెళ్ళిపోతుంది. చివరికి తండ్రి చూపు పోగొట్టుకుని వీధిలో చెయ్యి చాస్తాడు. ఆ ఘట్టంలో ప్రేక్షకుల్లోంచి ఒకాయన లేచి, నీ పిల్లల్ని తగలెయ్యి, మా ఇంటికి రా, మా ఆవిడ వంట బాగా చేస్తుంది అని కేకవేశాడని చెబుతారు. నాటకం చూసిన మర్నాడు కుర్రాళ్ళు బ్యాంకుల ముందు వరసకట్టి పాత ఊళ్ళలోని తల్లిదండ్రులకు డబ్బు పంపేవారనీ చెబుతారు. పిల్లలు పట్టించుకోని తండ్రిగా ఊరంతటినీ ఏడిపించిన ఆ మనిషి కూతురు సీలియా, అదే ఊళ్ళో మారుతండ్రి ఇంట్లో పెరుగుతోంది. రంగు తుడుచుకున్నాక ఆయనకు ఇది తట్టిందో లేదో గాని, నటుడిగా నాకు ఆశ్చర్యం లేదు. తన ఇంట్లో లేని బాధనే గొప్పగా ఆడగలిగినవాళ్ళను చాలామందిని చూశాను.

గ్రాండ్ స్ట్రీట్ నుంచి ఉత్తరంగా నడిచి సెకండ్ అవెన్యూ పట్టుకున్నాం. 1910ల నుంచి యిడ్డిష్ నాటకశాలలన్నీ ఈ వీధికి తరలివచ్చాయి. వారం మధ్య రోజుల్లో ఊరి సంఘాలు, కార్మిక సంఘాలు ఆట మొత్తాన్ని టోకున కొని తమవాళ్ళకు టికెట్లు అమ్ముకునేవి. మిగిలిన డబ్బు సంఘం పనులకు పోయేది. మన ఊళ్ళలో బెనిఫిట్ షో డబ్బు ఎటు పోతుందో మనకు తెలిసిందే. ఏడో వీధిలో యూదు నటుల సంఘం భవనం ఉంది. ఆ సంఘం పుట్టింది 1899లో. పదో వీధి మూలన, ఒకప్పుడు 'సెకండ్ అవెన్యూ డెలి' అనే హోటల్ ఉన్నచోట, కాలిబాటలో రాతి పలకల మీద నక్షత్రాలు పొదిగి నటీనటుల పేర్లు చెక్కారు. మాలీ పికన్, బోరిస్ థామషెవ్‌స్కీ. అక్షరాలు అరిగి, పలకలు పగుళ్ళు విచ్చాయి. ఒక పేరు చదవాలని వంగితే వెనక కుక్కతో వస్తున్న అమ్మాయి పక్కకు తప్పుకోమంది. హోటల్ 2006లో ఇక్కడ మూతపడి వేరే వీధికి పోయింది. పేర్లను మోసుకెళ్ళడం దాని పని కాదుగా.

పన్నెండో వీధి దగ్గర మాత్రం మా కష్టానికి ఫలం దక్కింది. నటుడు, దర్శకుడు మారిస్ ష్వార్ట్స్ నడిపిన యిడ్డిష్ ఆర్ట్ థియేటర్ అనే కంపెనీ కోసం 1926లో తెరిచిన భవనం ఇప్పుడు ఏడు తెరల సినిమా హాలు. పెద్ద తెర ఉన్న హాల్లోనే ఏ సినిమా ఆడుతోందో అడిగి దానికే టికెట్ తీసుకున్నాం. సినిమా గురించి చెప్పను, చెప్పుకునేంత లేదు. దీపాలు ఆర్పకముందు తల వెనక్కి వాల్చి పైకప్పు చూశాను. మధ్యలో పెద్ద షాండ్లియర్. అది వేలాడేచోట గచ్చుపనిలో యూదుల చిహ్నమైన దావీదు నక్షత్రం, దాని చుట్టూ తేనెపట్టులా చిన్న చిన్న గూళ్ళు, వాటికి బంగారు రంగు. బాల్కనీ మెట్లు ఇంకా నిటారుగా ఉన్నాయి. అక్కడ కూర్చున్నవాడికి నటుడి కనుబొమ్మ కనిపించదు, గొంతు ఒక్కటే చేరుతుంది. ఆ నటుల ఆడంబరాన్ని తర్వాతివాళ్ళు వెక్కిరించారు గాని, ఈ బాల్కనీ ఎక్కి చూస్తే అది అవసరమని తెలుస్తుంది. 1993లో నగరం ఈ భవనాన్ని లోపలా బయటా రక్షిత కట్టడంగా ప్రకటించింది. 1918లో ష్వార్ట్స్ ఈ కంపెనీ పెట్టినప్పుడు మొదటి నటీనటుల్లో సీలియా ఉంది. డైనా కూతురు తండ్రి నీడ లేకుండానే యిడ్డిష్ రంగం మీద పెద్ద తార అయింది.

సారా పిల్లలు వేరే దారి పట్టారు. స్టెల్లా, లూథర్ యిడ్డిష్‌లో మొదలుపెట్టి 1931లో వచ్చిన గ్రూప్ థియేటర్ అనే నాటక బృందంతో ఇంగ్లీషు రంగానికి వెళ్ళారు. 1934లో స్టెల్లా పారిస్‌లో రష్యన్ దర్శకుడు, నటనా గురువు స్తానిస్లావ్‌స్కీ దగ్గర కొన్ని వారాలు నేర్చుకుంది. తిరిగివచ్చి, సొంత గాయాలను తవ్వుకోవడం కంటే పాత్ర ఉన్న పరిస్థితినీ ఊహనూ పట్టుకోండని చెప్పింది. దాంతో ఆ బృందంలోనే నటన నేర్పుతున్న లీ స్ట్రాస్‌బర్గ్‌తో జీవితకాలపు తగవు వచ్చింది. 1949లో సొంత బడి పెట్టింది. ఊహ మీద ఆమెకున్న గురి గురించి చదివినప్పుడల్లా నాకు వాళ్ళ నాన్న లియరే గుర్తుకొస్తాడు.

ఆడ్లర్ 1926 ఏప్రిల్ 1న పోయాడు. సమాధి క్వీన్స్‌లోని మౌంట్ కార్మెల్ శ్మశానంలో ఉంది. శనివారం మూసి ఉంటుంది కాబట్టి ఆదివారం బస్సు పట్టుకుని వెళ్ళాం. స్టెల్లానూ మౌంట్ కార్మెల్‌లోనే ఖననం చేశారు. రచయిత షోలెమ్ అలైఖెమ్ కూడా ఇక్కడే. రాళ్ళ మీద హీబ్రూ లిపి, ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన. ఎండ మండిపోతోంది, నీడ లేదు, అమ్మాయి గొడుగు తెచ్చి పుణ్యం కట్టుకుంది. సమాధుల మీద పూలకు బదులు గులకరాళ్ళు పెట్టడం యూదుల ఆచారం. మేమూ పెట్టాం.

చివరిగా 52వ వీధి. ఇప్పుడు నీల్ సైమన్ థియేటర్ అంటున్నదాన్ని 1946లో ఆల్విన్ అనేవారు. ఆ సెప్టెంబరులో ఇక్కడ బెన్ హెక్ట్ రాసిన 'ఎ ఫ్లాగ్ ఈజ్ బార్న్' ఆడింది. సంగీతం కర్ట్ వైల్‌ది. నాజీల మారణకాండ నుంచి బయటపడి పాలస్తీనా వైపు నడుస్తున్న ముసలి దంపతుల కథ. భర్తగా పాల్ మునీ, ఆయనా యిడ్డిష్ నాటకాల ఇంటి బిడ్డే. భార్యగా 56 ఏళ్ళ సీలియా. వాళ్ళకు ఎదురయ్యే యువకుడిగా స్టెల్లా శిష్యుడు బ్రాండో. దర్శకుడు లూథర్, అంటే డైనా కాపురం కూలాక సారాకు పుట్టిన కొడుకు. తండ్రి వేర్వేరు గుమ్మాల్లో వదిలిన పిల్లలు ఒకే నాటకానికి కలిసి పనిచేశారు. 1903లో ఇదే బ్రాడ్‌వే నాటకశాలల పేటలో తండ్రి షేక్‌స్పియర్ యూదు వడ్డీవ్యాపారి షైలాక్ వేషం వేసినప్పుడు, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే తాను ఒక్కడే యిడ్డిష్‌లో జవాబు చెప్పాడు. సీలియా నాటకం ఇంగ్లీషులోనే. నాటకం మీద వచ్చిన డబ్బుతో యూదు శరణార్థులను పాలస్తీనాకు చేర్చడానికి ఓడ కూడా కొన్నారు.

మేము వెళ్ళిన రోజు అక్కడ మైకేల్ జాక్సన్ జీవితం మీద సంగీత నాటకం ఆడుతోంది. లోపలి హాలైనా చూద్దామని టికెట్ ధర అడిగాను. అమ్మాయి పర్సు తీయబోయింది. నేను వద్దన్నాను. ఆ డబ్బుతో మా పరిషత్తులో ఒక నాటకం వేయవచ్చు.