ఇసుకగా చూసిన నదిని నీళ్లతో చూసొచ్చా: హీలా అడవిలో 3 రాత్రులు

మేముండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. పని మీద వారానికి రెండు మూడు సార్లు ఐ-10 హైవే ఎక్కి కాసా గ్రాండే వైపు పోతుంటాను, దారిలో ఒక బ్రిడ్జి, బ్రిడ్జికి ముందు హీలా రివర్ అని బోర్డు. జీ అక్షరంతో రాస్తారు కానీ ఇక్కడ అందరూ హీలా అనే అంటారు. బోర్డులో నది ఉంది గానీ కింద చూస్తే ఉత్త ఇసుక, ముళ్లకంప. ఏడేళ్లలో అక్కడ నీళ్లు చూసింది రెండు సార్లో మూడు సార్లో, అది కూడా గట్టి వాన పడ్డాక వచ్చిన బురద నీళ్లు.

నాది తాడిపత్రి. పెన్న ఒడ్డున పెరిగినోడికి ఎండిన ఏరు కొత్తేం కాదు. ఎండాకాలంలో మా అవ్వ ఇసుకలో చెలమ తీసి, మొదట ఊరిన మురికి నీళ్లు పారబోసి, తేట వచ్చేదాకా అట్నే కూర్చుని, టెంకాయ చిప్పతో తోడి తోడి బిందె నింపేది. అందుకేనేమో ఆ బ్రిడ్జి దాటిన ప్రతిసారీ ఒకటే అనిపించేది, పైన ఎక్కడో ఇది నీళ్లతో పారే చోటు ఉంటుంది కదా, ఒకసారి అక్కడికి పోవాలి, దాని పక్కన పడుకోవాలి అని.

మ్యాప్ తీసి చూస్తే హీలా పుట్టేది న్యూ మెక్సికో కొండల్లో. అక్కడ్నుంచి దాదాపు 650 మైళ్లు పారి యూమా దగ్గర కొలరాడో నదిలో కలవాలి. మా దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఎండిపోయిందంటే, 1800ల చివర్లో పైన సేద్యం చేసేవాళ్లు కాలవలు తవ్వి నీళ్లు మళ్లించుకున్నారు, 1930లో కూలిడ్జ్ డ్యామ్‌ని ప్రారంభించారు. ఆ బ్రిడ్జి చుట్టూ ఉన్న నేల అకిమెల్ ఓఓధమ్ అనే ఇక్కడి మూలవాసులది, ఆ పేరుకి అర్థమే నది మనుషులు. వందల ఏళ్లు ఈ నీళ్లతో పంటలు పండించిన వాళ్ల పొలాలు కళ్ల ముందే ఎండిపోయాయి. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, పైన ఆపుకుంటే కింద ఊరు ఏమవుతుందో మా జిల్లాలో పుట్టినోళ్లకి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అక్టోబర్‌లో పిల్లలకి ఫాల్ బ్రేక్ ఉంటుంది, అప్పుడే బయల్దేరాం. నేను, మా బావ (అక్క మొగుడు), వాళ్ల పిల్లోడు, పదకొండేళ్లు. అక్క మొదట ఒప్పుకోలేదు, సిగ్నల్ ఉండని అడవిలో పిల్లోడితో ఏందిరా అని. ఏ ట్రైల్‌లో పోతాం, ఏ రోజు ఎంతదూరం, ఏ రోజు ఎన్ని గంటల లోపల ఫోన్ రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాను, సిగ్నల్ లేని చోట కూడా మెసేజ్ పంపే సాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకి తెచ్చాను, అప్పుడు సరే అంది.

మేం పోయింది డిస్పర్స్‌డ్ క్యాంపింగ్‌కి. అదంటే తెలియని వాళ్లకి, నేషనల్ ఫారెస్ట్‌లో క్యాంప్‌గ్రౌండ్ కాని చోట, బుకింగ్ లేకుండా, డబ్బులు కట్టకుండా మనంతట మనం టెంట్ వేసుకోవడం. చాలా ఫారెస్టుల్లో ఒకచోట 14 రోజుల దాకా ఉండొచ్చు. కుళాయి ఉండదు, టాయిలెట్ ఉండదు, చెత్తబుట్ట ఉండదు, బల్ల ఉండదు. తెచ్చుకున్నదే ఉంటుంది, తెచ్చింది ప్రతిదీ వెనక్కి మోసుకుపోవాలి. అందులోనూ వైల్డర్‌నెస్ అని ప్రకటించిన భాగమైతే బండి కాదు గదా సైకిల్ కూడా పోనివ్వరు, దారికి అడ్డం పడ్డ మాను కొయ్యాలన్నా మామూలుగా మోటార్ రంపం వాడరు, చేతి రంపమే. ఇట్లా ఒక అడవిని రోడ్లు లేకుండా వదిలెయ్యాలి అని ఆల్డో లియోపోల్డ్ అనే ఫారెస్ట్ ఆఫీసర్ పట్టుబడితే 1924 జూన్‌లో హీలాని అట్లా పక్కన పెట్టారు, ప్రపంచంలో మొదటిది అదే అంటారు. వైల్డర్‌నెస్ చట్టం వచ్చింది 40 ఏళ్ల తర్వాత 1964లో. 5 లక్షల 58 వేల ఎకరాలు, లోపల ఒక్క రోడ్డు లేదు.

పొద్దున్నే బయల్దేరి గ్లోబ్, శాఫర్డ్ మీదుగా పోయాం. శాఫర్డ్ చుట్టుపక్కల పత్తి చేలు, అప్పుడప్పుడే పగిలి తెల్లగా ఉన్నాయి, బావ బండి పక్కకి ఆపమన్నాడు, దిగి గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు, ఏమీ మాట్లాడలేదు. వాళ్ల నాయన గుత్తి దగ్గర పత్తి పెట్టేవాడు. సిల్వర్ సిటీ చేరేసరికి మధ్యాహ్నం అయింది. అక్కడ్నుంచి 15వ నంబర్ రోడ్డు, 44 మైళ్లే కానీ దాదాపు రెండు గంటలు, అన్నీ మెలికలే. మొదటి రాత్రి వైల్డర్‌నెస్ బయటే, ఒక మట్టి రోడ్డు పక్కన, ఇంతకుముందు ఎవరో టెంట్ వేసిన ఆనవాళ్లున్న చోటే వేశాం. కొత్త చోట గడ్డి తొక్కి పాడు చెయ్యడం కంటే ఆల్రెడీ గట్టిపడ్డ నేల మీద వెయ్యడమే మంచిది.

మరుసటి రోజు ట్రైల్ మొదలయ్యే టీజే కొరాల్ దగ్గర బండి పెట్టి నడక. మొదట ఎక్కుడు, ఎండ, జూనిపర్ చెట్లు. అక్కడ ఒక రకం జూనిపర్ ఉంటుంది, బెరడు అచ్చం మొసలి తోలులాగా గళ్లు గళ్లుగా, పిల్లోడు ప్రతి మానూ తడుముకుంటూ నడిచాడు. పాండెరోసా పైన్ బెరడు పగుళ్లలో ముక్కు పెట్టి చూస్తే వెనీలా వాసన వస్తుంది, ఎండ పడే వైపు ఇంకా బాగా. తర్వాత లిటిల్ బేర్ కాన్యన్ లోకి దిగుడు. చివర్లో రెండు పక్కలా రాతిగోడలు దగ్గరకొచ్చి సందులాగా అయిపోతుంది, లోపల చల్లగా, మన మాట మనకే తిరిగి వినిపిస్తుంటుంది. ఆ సందు ఒక్కసారిగా తెరుచుకుని ఎదురుగా నీళ్లు.

హీలా మిడిల్ ఫోర్క్, అంటే నది మధ్య పాయ. మోకాలి లోతు, అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు అంత తేటగా. నేను బ్యాగ్ కూడా దించకుండా అట్నే వంగి చెయ్యి పెట్టాను. ఏడేళ్లుగా బోర్డు మీద చదువుతున్న పేరు. చెయ్యి తీయబుద్ధి కాలేదు. బావ వెనకనుంచి "ఏమప్పా, దొరికిందా నీ ఏరు" అన్నాడు, నాకు గొంతు పెగల్లేదు.

అక్కడ్నుంచి దారి నదిని దాటుతూ పోతుంది, ఇటుపక్క ఒక ఫర్లాంగు, మళ్లీ అటుపక్క, మా లెక్కలో ఆ రోజు 15 సార్లు దాటాం. బూట్లు విప్పకూడదు, పాచి రాళ్ల మీద ఉత్త కాళ్లు జారతాయి, తడిబూట్లతోనే నడవాలి. దాటేముందు బ్యాగ్ నడుము బెల్టు విప్పుకోవాలి, ఒకవేళ పడితే బ్యాగ్ బరువు మనల్ని లోపలికి లాగకుండా వెంటనే వదిలించుకోవచ్చు. కర్ర పైవైపు ఆనించి, ప్రవాహానికి మొహం పెట్టి, పక్క అడుగులు. పిల్లోడు మా ఇద్దరి మధ్య. నాలుగో దాటుడుకల్లా వాడే "మామా, అక్కడ కాదు, ఇక్కడ నీళ్లు వెడల్పుగా ఉన్నాయి, లోతుండదు" అని చెప్పడం మొదలుపెట్టాడు, నిజంగానే వెడల్పు ఉన్నచోట లోతు తక్కువ. ఎవరూ చెప్పలేదు వాడికి.

నీళ్ల నుంచి 200 అడుగులు అంటే పెద్దవాళ్ల అంగలు ఒక 70. టెంట్ ఆ దూరంలో. దొడ్డికి పోయేది కూడా ఆ దూరం దాటాకే, చిన్న పారతో 6 నుంచి 8 అంగుళాల గుంత తీసి మళ్లీ పూడ్చెయ్యాలి, పేపర్ వాడితే అది కవర్లో వెనక్కి. మేం చెంబుకి బదులు బాటిల్ తీసుకుపోయాం, నీళ్లతో అలవాటున్న మనకి ఆ పేపర్ మోసే బాధ ఉండదు. అంట్లు తోమిన నీళ్లు కూడా ఏట్లో పొయ్యకుండా దూరంగా నేల మీద చల్లేశాం.

తిండి గురించి చెప్పాలి. అందరూ ప్యాకెట్ తిండి కొంటారు, ఒక్కోటి పది పన్నెండు డాలర్లు. మేం బొరుగులు తీసుకుపోయాం. బరువే ఉండవు, కొంచెం చోటు తింటాయి అంతే. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, చిన్న డబ్బాలో నూనె, పప్పుల పొడి. బొరుగులు నీళ్లలో ముంచి పిండి తిరగవాతలో వేస్తే ఐదు నిమిషాల్లో ఉగ్గాణి, గ్యాస్ కూడా పెద్దగా అవ్వదు. అక్క చేసిచ్చిన ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. అడవిలో మూడు పూటలా ఇదే తిన్నాం, ఎవరికీ విసుగు రాలేదు. కానీ తిరగవాత వాసన ఎంత దూరం పోతుందో తెలుసు కదా, అక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి, అందుకే టెంట్‌కి బాగా దూరంగా వండుకుని, తిండి, టూత్‌పేస్ట్, సబ్బు అన్నీ ఒకే సంచిలో కట్టి, తాడుతో కొమ్మకి వేలాడదీశాం. నేల నుంచి 12 అడుగులు, మాను నుంచి 6 అడుగులు దూరం ఉండేట్టు. సరైన కొమ్మ దొరకడానికే అరగంట పట్టింది, చీకటి పడకముందే ఈ పని పెట్టుకోవాలి.

మంట వెయ్యలేదు. ఆ వారం బ్యాన్ ఏం లేదు, వేసుకోవచ్చు. కానీ 2012లో ఇదే వైల్డర్‌నెస్ వైపు పిడుగులకి అంటుకుని 3 లక్షల ఎకరాలకి దగ్గరగా కాలింది, 2022లో తూర్పు పక్క బ్లాక్ ఫైర్ 3 లక్షల 25 వేల ఎకరాలు, అది మనుషుల వల్ల మొదలైందే. దారిలో కొండ మీద మాడిపోయి నిలబడ్డ మానులు చూశాక అగ్గిపెట్టె తీయబుద్ధి కాలేదు మాకు. చలికి స్వెటర్ మీద జాకెట్ వేసుకుని కూర్చున్నాం.

చీకటి పడ్డాక ఎక్కడో కొండ మీంచి ఒక కూత. సన్నగా మొదలై పైకి పోయి పోయి చివర్లో గురగురమని దిగింది. పిల్లోడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎల్క్, మన కణుజులాంటి పెద్ద జింక, ఆ నెలల్లో మగవి అట్లా కూస్తాయి. ఇంకో కొండ నుంచి ఇంకోటి బదులిచ్చింది. అట్లా చాలాసేపు, మేం ముగ్గురం లైట్లు ఆపేసి విన్నాం, పైన పాలపుంత ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. వాడు చాండ్లర్‌లో పుట్టినోడు, దాన్ని మొదటిసారి చూస్తున్నాడు, మబ్బు అనుకున్నాడు. బావ కొంచెంసేపయ్యాక "మా మిద్దె మీద పడుకుంటే ఇట్లే కనపడేది రా" అన్నాడు వాడితో.

ఆ రాత్రే నేనొక తప్పు చేశాను. వాటర్ ఫిల్టర్ బయట వదిలేశాను. పొద్దున చూస్తే థర్మామీటర్‌లో 26 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 3 సెల్సియస్, బాటిల్ మీద మంచు పేరుకుంది. ఆ ఫిల్టర్ లోపల సన్నటి గొట్టాలుంటాయి, తడిగా ఉన్నప్పుడు గడ్డకడితే పగిలిపోతాయి, పగిలింది పైకి కనపడదు, నీళ్లు మామూలుగానే వస్తాయి కానీ క్రిములు ఆగవు. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలని తెలుసు నాకు, ఎల్క్ కూత వింటూ మర్చిపోయాను. పిల్లోడు ఉన్నాడు కాబట్టి రిస్క్ తీసుకోకూడదని ఇక అక్కడ్నుంచి నీళ్లన్నీ మరగబెట్టే తాగాం, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం. గ్యాస్ సరిపోవాలని టీ మానేశాం, ఉగ్గాణికి కూడా ఆ నీళ్లే. ముందు బట్టలో వడగట్టి, గిన్నెలో తేరనిచ్చి, పైన తేట మాత్రం వంచుకున్నాను. మా అవ్వ చెలమ దగ్గర చేసింది అదే పని. గిన్నె కదలకుండా పట్టుకుని కూర్చుంటే ఆమె చేతుల మీది పచ్చబొట్టు గుర్తొచ్చింది.

ఆ రోజు జోర్డాన్ హాట్ స్ప్రింగ్స్ దాకా పోయొచ్చాం. కొండ పక్కన రాళ్లలోంచి గోరువెచ్చని నీళ్లు ఊరి చిన్న మడుగు కట్టి ఉంటుంది, చుట్టూ పచ్చని నాచు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుళ్లో లింగం దగ్గర నీళ్లు ఎప్పుడూ ఊరుతూనే ఉంటాయి, బుగ్గ అంటే అదే కదా, పిల్లోడికి ఆ గుడి గురించి చెప్తూ కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. ఇట్లాంటి వేడినీళ్లలో తల ముంచకూడదు, ముక్కులోంచి మెదడుకి పోయే అమీబా ఉండొచ్చని హెచ్చరిస్తారు, చాలా అరుదే కానీ వస్తే ప్రాణం మీదకే. మెడ దాకా మాత్రమే అని వాడికి ముందే గట్టిగా చెప్పాను.

ఇంకో రాత్రి అక్కడే ఉండి నాలుగో రోజు పొద్దున టెంట్ విప్పాం. టెంట్ కింద అణిగిన పైన్ సూదుల్ని పిల్లోడు చేత్తో రేపి సర్దాడు, ఎవరో తిని పడేసిన చాక్లెట్ కాగితాలు రెండు దొరికితే అవి కూడా మా సంచిలో వేశాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి దాటుతుంటే నీళ్లు మోకాళ్లని తోసే ఆ బరువు, ఇదంతా కిందకి పోయి పోయి ఎక్కడో ఆగిపోతుందని తెలిసి దాటడం, అది ఎట్లా చెప్పాలో తెలియట్లేదు. చివరి దాటుడు దగ్గర ముగ్గురం కాసేపు నిలబడిపోయాం.

ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేసి ఫోటోలు చూపించాను. ఆమె కొండలు చూడలేదు, ఎలుగుబంటి గురించి అడగలేదు, ఆ ఏరు ఫోటో ఒక్కటే పెద్దది చెయ్యమంది. చూసి చూసి, "నీళ్లు తియ్యగా ఉండాయా నాయనా?" అని అడిగింది.

తియ్యగానే ఉన్నాయమ్మా అని చెప్పాను.