ఎడమ మలుపుల్లోనే వెలిగిన లైటు

ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టిన కాసేపటికే డాష్‌బోర్డు మీద ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసే సిస్టమ్) పసుపు లైటు మళ్ళీ వెలిగింది. జారుతున్న కారు బొమ్మ, దాని కింద రెండు వంకర గీతలు. పక్కనే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు కూడా వచ్చింది. "అన్నయ్యా, మళ్ళీ వచ్చేసింది" అన్నాడు తమ్ముడు.

బయల్దేరే ముందు గ్యారేజీలో చూపించాం. కారులోని లోపాలు చదివే స్కానర్ పెడితే సి0040 కోడ్ వచ్చింది. ముందు కుడి చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం ఉందని దాని అర్థం. సెన్సర్ మార్చారు, కోడ్ చెరిపేశారు, లైటు ఆరింది. మైదానంలో తిన్నటి రోడ్డు మీద అసలు కనిపించనే లేదు. అందుకే కొండ దగ్గర తిరిగి రావడం నాకు చిరాకు కన్నా ఎక్కువగా ఆసక్తి కలిగించింది. కోడ్ సర్క్యూట్ అంటోంది. సర్క్యూట్ అంటే సెన్సర్ ఒక్కటే కాదు, దాని వైరు, కనెక్టర్లు కూడా అందులోవే.

తడి రోడ్డు మీద ఈ లైటు టకటకా మినుకుమంటే భయపడక్కర్లేదు, చక్రం జారుతుంటే సిస్టమ్ పట్టుకుంటోందన్నమాట. ఆరకుండా నిలకడగా వెలిగితే మాత్రం సిస్టమ్ పక్కకు తప్పుకుందని లెక్క. మామూలు బ్రేకులు పనిచేస్తాయి కానీ, గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చు. వీటితో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వస్తే బండి ఆపేయాల్సిందే. మాకు ఎర్రది రాలేదు. వేగం తగ్గించి, ముందు బండికి బాగా దూరం ఉంచి, చిన్న గేరులో నడిపాం.

రెండు లైట్లు జంటగా రావడానికి కారణం ఉంది. 1978లో బాష్ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఏబీఎస్ వాడే ఆ చక్రాల సెన్సర్ల మీదే ఆధారపడుతుంది. నాలుగు చక్రాల వేగం పోల్చి చూసే అది జారే చక్రాన్ని పట్టుకుంటుంది. ఒక్క చక్రం లెక్క అందకపోయినా ఆ పోలిక సరిగా కుదరదు.

మా దగ్గరున్న కోడ్ రీడర్ ఏబీఎస్ డేటా కూడా చదువుతుంది (చౌక రీడర్లు చాలావరకు ఇంజన్ కోడ్లతోనే ఆగిపోతాయి). తమ్ముడు ఫోన్‌లో నాలుగు చక్రాల వేగాలు పెట్టుకుని కూర్చున్నాడు. కుడి మలుపుల్లో అంకెలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఎడమ వైపు హెయిర్‌పిన్ మలుపు రాగానే, "కుడి ముందుది సున్నా చూపిస్తోంది!" అని అరిచాడు. ఎడమ మలుపులో ముందు కుడి చక్రం బయటి అంచున తిరుగుతుంది, నాలుగింటిలో ఎక్కువ దూరం దానిదే. అంటే దాని అంకె అన్నిటికన్నా పైన ఉండాలి. అదే సున్నాకి పడిపోతోంది. పైగా స్టీరింగ్ బాగా తిరిగిన చోటే. సెన్సరో, చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కు వేగం తెలిపే బేరింగులోని రింగో చెడితే సాధారణంగా తిన్నటి రోడ్డు మీదా తేడా చూపించాలి. స్టీరింగ్ తిప్పితే కదిలేది వైరు. నా అనుమానం దాని మీదికి పోయింది.

వ్యూ పాయింట్ దగ్గర చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇగ్నిషన్ కట్టేశాం. సెన్సర్ వైపు కనెక్టర్ విప్పి, వైరు చివరి రెండు పిన్నులను చిన్న తీగ ముక్కతో కలిపాను. బానెట్ కింద ఉన్న రెండో చివర మల్టీమీటర్ పెట్టాను. ఇప్పటి సెన్సర్లు ఎక్కువగా యాక్టివ్ రకం (కరెంటు అందితేనే పనిచేసేవి), వాటి రెసిస్టెన్స్ కొలిచి మంచీ చెడూ తేల్చలేం. వైరును మాత్రం ఇలా కొలవొచ్చు. చక్రం తిన్నగా ఉన్నప్పుడు రీడింగ్ ఒక ఓమ్ లోపే. "మెల్లగా ఎడమకు తిప్పు" అన్నాను. తమ్ముడు తిప్పుతుంటే వైరు బిగుసుకుంది, చివరికి వచ్చేసరికి మీటర్ ఓపెన్ చూపించింది, అంటే లోపల తీగ విడిపోయింది. కుడికి తిప్పితే రీడింగ్ తిరిగొచ్చింది.

షాక్ అబ్జార్బర్ దగ్గర వైరును పట్టి ఉంచే క్లిప్పు లేదు. పై తొడుగు మీద గీత కూడా లేదు కానీ, వేళ్ళతో వంచి చూస్తే ఒక్క చోట మాత్రం మెత్తగా, లోపల ఎముక విరిగినట్టు అనిపించింది. రాగి పోగులు అక్కడే తెగి, సాగినప్పుడల్లా విడిపోతున్నాయి.

పైనుంచి కొంచెం వైరు కిందికి లాగి, ఆ చోట బిగుతు పడకుండా ప్లాస్టిక్ టైలతో కట్టాం. టైరుకీ స్ప్రింగుకీ తగలడం లేదని స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి చూశాకే కదిలాం. దిగేటప్పుడు లైటు రాలేదు. అయినా దాన్ని బాగుచేసినట్టు నేను అనుకోలేదు, తెగిన పోగులు తెగినట్టే ఉన్నాయి.

కొండ దిగాక ఒక మెకానిక్ దగ్గర కనెక్టర్‌తో సహా ఆ వైరు మొత్తం కొత్తది వేయించాం. తెగిన చోటే సోల్డర్ చేస్తానని ఆయన అన్నాడు, నేను ఒప్పుకోలేదు. సోల్డర్ చేసిన చోటు గట్టిపడుతుంది, రోజూ వంగే చోట అది పక్కనే మళ్ళీ విరుగుతుంది. క్లిప్పు కూడా పెట్టించి, కోడ్ చెరిపి, ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి గుండ్రంగా నడిపాం. కుడి ముందు చక్రం అంకె మిగతా మూడింటి కన్నా పైనే నిలబడింది. గ్యారేజీలో తీసిన పాత సెన్సర్‌లో లోపమేదీ లేదని నా నమ్మకం. తుడిచి డిక్కీలో పెట్టుకున్నాను.