పేటెంట్ ఏజెంట్ పరీక్ష: అపోజిషన్ ప్రశ్నలో మార్కులు పోయేది ఇక్కడే

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, చట్టమేమో ఇంగ్లీషు. ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు నడిపే ఏజెంటు కావాలంటే రాయాల్సిన ఈ పరీక్షకి చుట్టుపక్కల కోచింగ్ నాకెక్కడా దొరకలేదు కాబట్టి బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలేవీ లేని చట్టం పుస్తకం) ముందేసుకుని కూర్చున్నాను. మార్కుల లెక్క మీకు తెలిసిందే: రెండు పేపర్లకీ చెరో 100, వైవాకి (మౌఖిక పరీక్షకి) 50. పేపర్‌కి కనీసం 50, మొత్తమ్మీద 60 శాతం.

అపోజిషన్ అంటే ఒకరి పేటెంట్ మీద అభ్యంతరం వేయడం. దానికి పేటెంట్ చట్టం సెక్షన్ 25లో గ్రౌండ్లు (కారణాలు) పదకొండు. పేపర్-1లో అడిగేది ఎక్కువగా తేడాలే. గ్రాంట్‌కి (పేటెంట్ ఇవ్వడానికి) ముందు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు, గ్రాంట్ తర్వాతైతే ఆసక్తి ఉన్న వ్యక్తి మాత్రమే, అదీ గ్రాంట్ ప్రచురణ తేదీ నుంచి ఏడాదిలోపు. ఇవి బట్టీ పట్టేయండి, ఆలోచించడానికేం లేదు.

ఆలోచించాల్సింది నావెల్టీ (కొత్తదనం), ఇన్వెంటివ్ స్టెప్ (ఆ పని తెలిసినవాడికి ఇట్టే తోచని ముందడుగు) దగ్గర. మా ఊరి కొమ్ముపనినే లెక్కగా పెట్టుకుని సాధన చేశాను. గేదె కొమ్ముని నూనెలో నానబెట్టి, వేడిచేసి, అచ్చులో నొక్కే పద్ధతి మీద ఎవరో పేటెంట్ కోసం క్లెయిమ్ (తన హక్కు దేనిమీదో చెప్పే వాక్యం) వేశారనుకోండి. ఒక పాత పత్రంలో వేడిచేసి అచ్చులో నొక్కడం ఉంది, నూనె ఊసు లేదు. ఇంకోదాంట్లో పగలకుండా నూనెలో నానబెట్టడం ఉంది, అచ్చు లేదు. ఈ రెండూ చూపించి "కొత్తదనం లేదు" అని రాస్తే మార్కులు రావు. నావెల్టీ పోవాలంటే క్లెయిమ్‌లోని అంశాలన్నీ ఒక్క పత్రంలోనే ఉండాలి, అదీ ప్రయారిటీ తేదీకి (ఆ ఆవిష్కరణ మీద మొదట దరఖాస్తు వేసిన తేదీకి) ముందుదై ఉండాలి. రెండు పత్రాల్నీ కలపడం ఇన్వెంటివ్ స్టెప్ వాదనలో. అక్కడా ఊరికే కలిపితే చాలదు. ఆ పని తెలిసినవాడికి ఆ రెంటినీ కలపాలని ఎందుకు తోస్తుందో రాయాలి. పగలడమనే సమస్య రెంటిదీ ఒకటే అన్న ఆ ఒక్క వాక్యమే జవాబుకి ప్రాణం.

మరి పత్రమే లేదు, వీధిలో అందరూ ఎప్పట్నుంచో అలాగే చేస్తున్నారంటారా? అది సెక్షన్ 25లోని క్లాజ్ (డి), దేశంలో బహిరంగ వాడకం. పనివాళ్ల అఫిడవిట్లు సాక్ష్యంగా పెట్టాలి. నోటిమాటగా వచ్చే స్థానిక జ్ఞానానికి క్లాజ్ (కె) ఉంది. మా పనివాళ్ల దగ్గర కాగితాలు ఉండవు కదా, అందుకే ఈ రెండు క్లాజుల మీద నాకు కాస్త మక్కువ ఎక్కువ.

ఇన్వెంటివ్ స్టెప్ అంటే ఏంటో చెప్పే సెక్షన్ 2(1)(జెఎ)లో ఇంకో మెలిక. సాంకేతిక పురోగతి గానీ, ఆర్థిక ప్రాముఖ్యం గానీ, రెండూ గానీ ఉండాలంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. నిపుణుడికి స్పష్టంగా తోచేది కాకూడదన్న షరతు దాని వెనకే ఉంది, అది తప్పదు. దీనికి 1978 నాటి బిశ్వనాథ్ ప్రసాద్ కేసు చదవండి. గిన్నెల్ని లేత్ మీద పట్టి ఉంచే పద్ధతి అది. వర్క్‌షాప్‌లో మామూలుగా జరిగే మెరుగుదలకి పేటెంట్ రాదంది సుప్రీంకోర్టు. వైవాలో పసుపు గురించి అడిగారు: పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంట్, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత పత్రాలు చూపించడంతో 1997లో రద్దయింది. వెంటనే 2013 నాటి నోవార్టిస్ (మందుల కంపెనీ) తీర్పు ఎత్తకండి, అందులో అసలు గొడవ సెక్షన్ 3(డి), అంటే తెలిసిన పదార్థపు కొత్త రూపానికి పేటెంట్ ఇవ్వాలా అన్నది.

ఇంకోటి. మనం ఒడిశా వాళ్లం కాబట్టి మన పేటెంట్ దరఖాస్తు కోల్‌కతా పేటెంట్ ఆఫీసుకి వెళ్తుంది. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వాళ్లది చెన్నైకి. పాత నోట్సు కొనేవాళ్లు ప్రీ-గ్రాంట్ అభ్యంతరానికి ఫీజు లేదన్న వాక్యం కొట్టేయండి, 2024 సవరణలతో ఫీజు వచ్చింది.