సర్దుకోవడానికి పట్టే కాలం

‘ప్రకృతి తనంతట తానే సర్దుకుంటుంది’ అని ఎవరైనా అంటే నేను వెంటనే అడిగేది ఒక్కటే: ఎన్నాళ్లకి? ఆ మాట అబద్ధమని కాదు. నిజంగానే సర్దుకుంటుంది. కానీ ఆ సర్దుబాటు ఎంత ఆలస్యంగా వస్తుందన్న దాన్ని బట్టే, అది వచ్చేసరికి ఎవరు మిగిలి ఉంటారో తేలుతుంది.

నాకీ సంగతి బాగా తెలిసొచ్చింది అక్వేరియం దగ్గర. కొత్త తొట్టెలో నీళ్లు నింపి ఫిల్టర్ ఆన్ చేయగానే చేపల్ని వదిలేద్దామని ఇంట్లో పిల్లలు గొడవ చేస్తారు. నేను ఒప్పుకోను. చేపల విసర్జన నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. దాన్ని నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా ఒక రకం. నైట్రైట్ కూడా విషమే, దాన్ని పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మార్చేవి ఇంకో రకం. ఈ రెండో రకానికి తిండి మొదటి రకం తయారుచేసి పెట్టాలి, అందుకే అవి ఎప్పుడూ వెనకే వస్తాయి. ఖాళీ తొట్టెలో చిటికెడు మేత వేసి టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉంటాను. ముందు అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుతుండగా నైట్రైట్ పైకి లేస్తుంది. చివరికి అదీ సున్నాకి దిగుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల పని ఇది. విషం నిండుగా ఉన్న రోజుల్లో కూడా నీళ్లు తేటగానే ఉండొచ్చు. కంటితో చూస్తే ఏమీ తెలియదు.

ఈ ఆలస్యం ఒక దీవి అంతటా జరిగితే ఎలా ఉంటుందో అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవిలో కనిపించింది. 1944లో, యుద్ధకాలంలో, అమెరికా కోస్ట్ గార్డ్ అక్కడున్న సిబ్బందికి అత్యవసర ఆహారంగా పనికొస్తాయని 29 రెయిన్‌డీర్ జింకల్ని వదిలింది. సిబ్బంది వెళ్లిపోయారు, జింకలు ఉండిపోయాయి. వాటిని వేటాడే జంతువు లేదు, నేల మీద దళసరిగా లైకెన్ అనే నాచులాంటి మేత పరుచుకుని ఉంది. 1957లో డేవిడ్ క్లీన్ అనే జీవశాస్త్రవేత్త వెళ్లి చూస్తే 1,350 జింకలున్నాయి, అన్నీ బాగా బలిసి ఉన్నాయి. 1963 వేసవికి 6,000 అయ్యాయి. ఆ వెంటనే వచ్చిన చలికాలంలో విపరీతమైన మంచు పడింది. 1966లో ఆయన మళ్లీ వెళ్లేసరికి మిగిలినవి 42. అందులో మగది ఒక్కటే, దాని కొమ్ములు కూడా సరిగా లేవు. పిల్లలు ఒక్కటీ లేవు. 1980లు వచ్చేసరికి ఆ మందే లేకుండా పోయింది.

చాలామంది ఇందులో తప్పంతా ఆ చలికాలానిదే అనుకుంటారు. నాకు మాత్రం 1957 నాటి ఆ బలిసిన జింకలే పదే పదే గుర్తొస్తాయి. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. జింక ఏటా ఈనుతుంది. ఏళ్ల తరబడి కూడిన నిల్వని తింటున్నంతకాలం వాటికి కడుపు నిండుతూనే ఉంది. మేత తరిగిపోతోందన్న సంగతి వాటి ఒంట్లో కనబడేటప్పటికే మంద మరీ పెద్దదైపోయింది.

తోడేళ్లుంటే సరిపోయేదా? ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో ఉన్న ఐల్ రాయల్ దీవికి 1940ల చివర్లో గడ్డకట్టిన నీటి మీదుగా తోడేళ్లు నడిచొచ్చాయి. అప్పటికే అక్కడ మూస్ అనే భారీ దుప్పులున్నాయి. 1958 నుంచి శాస్త్రవేత్తలు రెండింటినీ లెక్కపెడుతూనే ఉన్నారు. ఆ అంకెలు ఎప్పుడూ ఒక చోట నిలబడలేదు. 1980లో 50 ఉన్న తోడేళ్లు, కుక్కల నుంచి సోకిన పార్వో వైరస్ దెబ్బకి, 1982కి 14 అయ్యాయి. 2016కి వచ్చేసరికి, తమలో తామే జతకట్టి జతకట్టి, రెండే మిగిలాయి. 2018 నుంచి మనుషులు బయటి నుంచి కొత్త తోడేళ్లను తెచ్చి వదలాల్సి వచ్చింది. సమతుల్యం అంటే త్రాసు ముల్లు కదలకుండా ఉండటం అనుకునేవాళ్లు ఈ దీవి లెక్కలు ఒక్కసారి చూడాలి.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనది రాళ్లు చేసే పని. అన్నిటికన్నా నెమ్మదైనదీ అదే. అగ్నిపర్వతాలు గాలిలోకి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది వాన నీటిలో కరిగి, నీటిని కాస్త ఆమ్లంగా మారుస్తుంది. ఆ నీరు గ్రానైట్, బసాల్ట్ లాంటి సిలికేట్ రాళ్లను కొద్దికొద్దిగా తినేస్తుంది. రాళ్ల నుంచి కరిగినవి నదుల్లో కొట్టుకుపోయి సముద్రం చేరతాయి, అక్కడి ప్రాణులు వాటితో గుల్లలు కట్టుకుంటాయి, చివరికి ఆ కార్బన్ సముద్రం అడుగున సున్నపురాయిగా స్థిరపడుతుంది. భూమి వేడెక్కితే వానలు పెరిగి ఈ పని వేగంగా సాగుతుంది, గాలిలో కార్బన్ తగ్గుతుంది. చల్లబడితే పని మందగించి కార్బన్ మళ్లీ పోగవుతుంది. ఎవరూ చూసుకోకుండానే, కోట్ల ఏళ్లుగా!

ఇంత అద్భుతమైన ఏర్పాటు ఉంటే ఇక బెంగెందుకని నన్నే ఎదురు అడిగినవాళ్లున్నారు. వాళ్లకి నేను 5.6 కోట్ల ఏళ్ల కిందటి కథ చెబుతాను. అప్పుడు కొన్ని వేల ఏళ్ల వ్యవధిలో గాలిలోకి, సముద్రంలోకి భారీగా కార్బన్ చేరి భూమి సుమారు 5 డిగ్రీలు వేడెక్కింది. సముద్రం అడుగున బతికే ఫొరామినిఫెరా అనే చిన్న ప్రాణుల్లో మూడో వంతుకు పైగా జాతులు అంతరించాయి. రాళ్లు తమ పని తాము చేశాయి, భూమి మళ్లీ చల్లబడింది. అందుకు లక్ష ఏళ్లకు పైనే పట్టింది. ఇప్పుడు అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదిలో వదిలే కార్బన్ డయాక్సైడ్, మనం వదిలేదాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు. అవే రాళ్లు, అదే వేగంతో, మనం వదిలినదాన్ని కూడా కరిగించుకుంటూ పోతాయి.