సింగపూర్, మలక్కా, కౌలాలంపూర్, పినాంగ్: ఒక వేసవి ప్లాను పుస్తకం

జనవరి 21, 2024

పాత డైరీ ఒకటి ఖాళీగా ఉంటే దానిమీద ‘వేసవి’ అని రాశాను. ప్రయాణం కన్నా ప్రయాణం ప్లాను వేయడమే నాకిష్టమని మావారి ఫిర్యాదు. నిజమే. రైల్వే టైం టేబుల్ పుస్తకం నవల్లా చదివిన పిల్లని నేను. ఇన్నాళ్ళూ అరకు, పూరీ, ఒకసారి కేరళ. ఈసారి సముద్రం దాటాలి.

అమ్మాయికి పదహారు, ఇంటర్ మొదటి సంవత్సరం. అబ్బాయికి పద్నాలుగు, తొమ్మిదో తరగతి. ఈ వయసు పిల్లల్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళలేం, ఇంట్లో వదిలీ వెళ్ళలేం. అందుకని మొదటే ఒక కాగితం ఇచ్చి, చెరొక మూడు కోరికలు రాయమన్నాను. వాడు: యూనివర్సల్ స్టూడియోస్, యూనివర్సల్ స్టూడియోస్, వైఫై. అది: గోడల మీద బొమ్మలున్న ఊరు, పొద్దున్నే లేపకూడదు, గుళ్ళు రెండుకు మించకూడదు.

యూనివర్సల్ స్టూడియోస్ ఆటల పార్కు సింగపూర్‌లో ఉంది. గోడల బొమ్మల ఊరంటే పినాంగ్‌లోని జార్జ్‌టౌన్. అలా సింగపూర్ ఒక చివర, పినాంగ్ ఇంకో చివర తేలాయి. మధ్యలో మలక్కా, కౌలాలంపూర్ దారిలోనే ఉన్నాయి. మలేషియాకి మనవాళ్ళకి డిసెంబరు నుంచి వీసా అక్కర్లేదు, ముప్ఫై రోజులదాకా ఉండొచ్చు. సింగపూర్‌కి మాత్రం కావాలి.

ఫిబ్రవరి 11

పాస్‌పోర్టులు బయటికి తీశాను. మంచిపని చేశాను. అబ్బాయిది సెప్టెంబరులో అయిపోతుంది. చిన్నపిల్లలకి ఐదేళ్ళకే ఇస్తారన్న సంగతి గుర్తున్నా, వాడు చిన్నపిల్లాడన్న సంగతి మరిచిపోయాను, నాకన్నా పొడుగైపోయాడు కదా. రెండు దేశాలూ ఆరు నెలల గడువు చూస్తాయి. మే నుంచి లెక్కేస్తే చాలదు. వెయ్యి రూపాయలు కట్టి, తల్లిదండ్రుల సంతకాలతో ఉండే అనెగ్జర్ డి జతచేసి, విశాఖలో స్లాట్ తీసుకున్నాం. మా ఇద్దరి పాస్‌పోర్టులూ అమల్లో ఉన్నాయి కాబట్టి ఇంటికి పోలీసులు రాలేదు. పది రోజుల్లో పోస్టులో వచ్చింది.

ఇంకో చిక్కు మావారి పాస్‌పోర్టు. పేరూ ఇంటిపేరూ కలిపి ఒకే గడిలో ఉన్నాయి, ఇంటిపేరు గడి ఖాళీ. మన జిల్లాల్లో ఇలాంటివి ఇంటికొకటి ఉంటుంది. టికెట్ వెబ్‌సైటు ఆ గడి ఖాళీగా వదలనివ్వదు. విమాన సంస్థ వాళ్ళనడిగితే అదే పేరు రెండు గడుల్లోనూ రాయమన్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కౌంటర్ దగ్గర తేడా వస్తే చేసేదేమీ ఉండదు. నలుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం చూసి డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను.

మార్చి 17

నిన్న ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. మన రాష్ట్రంలో పోలింగ్ మే 13, లెక్కింపు జూన్ 4. నేను గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ టీచర్ని, నాకు పోలింగ్ డ్యూటీ తప్పదు. అందుకే ఇన్నాళ్ళూ టికెట్లు కొనకుండా ఆగాను. ఫిబ్రవరిలోనే చవగ్గా దొరికేవి అని మావారు నెల రోజులు సణిగారు, నిన్న సాయంత్రం ఆగారు.

ఇప్పుడు లెక్క ఇది. మే 14కి ముందు నేను కదల్లేను. అమ్మాయికి ఇంటర్ సెలవులు మే 31 దాకే. స్కూళ్ళు జూన్ 12న తెరుస్తారు, అది మాకు ఉపయోగం లేదు. అంటే చేతిలో ఉన్నది రెండు వారాల పైచిలుకు. దాంట్లో ఏ ఊరు ముందు, ఏది వెనక?

మొదట అనుకున్నది కౌలాలంపూర్ నుంచి మొదలుపెట్టి దక్షిణానికి దిగి, సింగపూర్‌తో ముగించడం. మ్యాపు చూస్తే అదే అందంగా ఉంది. కానీ సింగపూర్ బడి క్యాలెండర్ తెరిచి చూస్తే వాళ్ళ సెలవులు మే 25 నుంచి. ఆ రోజు తర్వాత యూనివర్సల్ స్టూడియోస్‌కి వెళ్తే పిల్లాడు రోజంతా వరసలోనే ఉంటాడు. కాబట్టి సింగపూర్ ముందు. దారి మొత్తం తిరగేశాను.

అక్కడితో అయిపోలేదు. మే 22 బుధవారం వెసాక్, అంటే బుద్ధ పూర్ణిమ. రెండు దేశాల్లోనూ సెలవు. సెలవు ముందురోజు సింగపూర్ నుంచి మలేషియాలోని జోహోర్ వైపు వెళ్ళే వంతెన మీద బళ్ళు గంటల తరబడి నిలబడిపోతాయి. కాబట్టి సరిహద్దు సోమవారం 20న, అదీ పొద్దున్నే దాటాలి. పొద్దున్నే లేపకూడదన్న అమ్మాయి షరతు ఆ ఒక్కరోజుకి రద్దు. దాంతో మలక్కా సోమ, మంగళవారాల్లో పడింది. అక్కడి జోంకర్ వీధి రాత్రి సంత శుక్రవారం నుంచి ఆదివారం దాకే. అది పోయింది. ఒకటి కావాలంటే ఒకటి వదలాలి.

చివరికి తేలిన వరస: 16 రాత్రి విశాఖ నుంచి బయల్దేరాలి. సింగపూర్ మూడు రాత్రులు, మలక్కా రెండు, కౌలాలంపూర్ మూడు, పినాంగ్ మూడు, మళ్ళీ కౌలాలంపూర్‌లో ఒక రాత్రి, అక్కణ్ణించి ఇంటికి. వెళ్ళేటప్పుడు స్కూట్ విమానం, వచ్చేటప్పుడు ఏప్రిల్ చివర కొత్తగా మొదలవుతున్న ఎయిర్ ఏషియా విశాఖ సర్వీసు. హైదరాబాదు దాకా రైల్లో పోయి పడిగాపులు కాయక్కర్లేదు. భోగాపురం విమానాశ్రయం అయిపోతే ఇంకా దగ్గరే, కానీ ఇంకా పనులే నడుస్తున్నాయి.

రాత్రి పదకొండుకి నలుగురికీ కొన్నాను. ఒక పెద్ద బ్యాగు లగేజీతో కలిపి లక్షా రెండు వేలు.

మార్చి 31

విజయనగరంలో ఒక ట్రావెల్ ఏజెంటు ఇదే దారికి 4 లక్షల 60 వేలు చెప్పాడు. దానికితోడు విదేశీ టూర్ ప్యాకేజీ కాబట్టి 5 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను. రిటర్నుల్లో వెనక్కి వస్తుంది సరే, అప్పటిదాకా ఇరుక్కున్న ఇరవై మూడు వేలు మనవి. విడివిడిగా మనమే బుక్ చేసుకుంటే ఆ బాధ లేదు. సొంత లెక్క ప్రకారం అన్నీ కలిపి 3 లక్షల 25 వేలు దాటకూడదు.

గదుల దగ్గర నేర్చుకున్నది ఒకటి రాస్తాను. సింగపూర్‌లో నలుగురు పట్టే గది చవగ్గా దొరకదు. పదమూడేళ్ళు దాటినవాడు ఎక్కడైనా పెద్దవాడే: యూనివర్సల్‌లోనూ పెద్దల టికెట్టే, 83 సింగపూర్ డాలర్లు. అదనపు మంచం అడిగితే ‘పిల్లలకే’ అంటారు. లిటిల్ ఇండియా దగ్గర నాలుగు మంచాల ఫ్యామిలీ రూం మూడు రాత్రులకి ముప్ఫై ఆరు వేలయింది. అదే డబ్బుతో మలేషియాలో తొమ్మిది రాత్రులూ గడిచిపోతున్నాయి, పైగా వంటగది, వాషింగ్ మెషిన్ ఉన్న ఇల్లు. వాషింగ్ మెషిన్ కోసమే కౌలాలంపూర్‌ని మధ్యలో పెట్టానంటే నవ్వుతారు గానీ, నలుగురి చెమట బట్టలు మోసినవాళ్ళకి తెలుస్తుంది. మలేషియాలో విదేశీయులు గదికి, రాత్రికి పది రింగిట్లు పర్యాటక పన్ను విడిగా కట్టాలి. బుకింగ్ ధరలో అది కనబడదు.

యూనివర్సల్‌కి వాడూ, వాళ్ళ నాన్నా వెళ్తారు. నలుగురం వెళ్తే ఇరవై వేలు. ఆ రోజు మేమిద్దరం బొటానిక్ గార్డెన్స్‌కి, చవగ్గా.

ఏప్రిల్ 14

మొన్న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులే. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కాలేజీవాళ్ళు మే మూడో వారం నుంచి రెండో సంవత్సరం క్లాసులంటూ మెసేజ్ పెట్టారు. సెలవుల్లో క్లాసులేమిటని ఫోన్ చేస్తే ‘మీ ఇష్టం మేడం, వెనకబడితే మమ్మల్ని అనకండి’ అన్నారు. టీచర్నయ్యుండి నేనే తడబడ్డాను. అమ్మాయే తేల్చింది: రెండు చాప్టర్లు ముందే చదివేస్తుందట, రైల్లో ఒకటట. కౌలాలంపూర్ నుంచి, పినాంగ్‌కి దిగాల్సిన బటర్‌వర్త్ దాకా రైలు నాలుగు గంటలపైనే. సరే, చూద్దాం.

ఆ రైలు పేరు ఈటీఎస్. మేము వెళ్ళే శనివారం మే 25, మలేషియా బడులకి కూడా సెలవులు మొదలయ్యే రోజు. టికెట్లకి మూడు రాత్రులు కూర్చున్నాను. రెండుసార్లు ఓటీపీ రాకముందే గడువైపోయింది. మూడోసారి దొరికాయి, రెండు ఒక పెట్టెలో, రెండు ఇంకో పెట్టెలో. పిల్లలిద్దరూ ఒక పెట్టె తమదేనన్నారు, ఎంత ఆనందంగా అన్నారంటే నాకు కొంచెం కష్టమేసింది.

అత్తయ్యది శ్రీకాకుళం వైపు. రైలు పేరాక్ రాష్ట్రం మీదుగా పోతుందని, ఒకప్పుడు రబ్బరు తోటల్లో పనికెళ్ళిన మనవాళ్ళ మనవలు అక్కడ ఇప్పటికీ తెలుగు మాట్లాడతారని చెప్పాను. ‘మా తాత రంగం ఎళ్ళి తిరిగొచ్చినాడు, ఆడి తమ్ముడు మలయా ఎళ్ళి మరి రాలేదు’ అంది. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఆ తమ్ముడి సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, మావారికి కూడా. పేరు డైరీలో రాసుకున్నాను. వెతకడానికేం కాదు, ఊరికే.

ఏప్రిల్ 28

సింగపూర్ వీసా. గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారానే వెయ్యాలి. ప్రయాణానికి ముప్ఫై రోజుల లోపే తీసుకుంటారు, కాబట్టి తొందరపడి లాభం లేదు. ఫారం 14ఏ, మూడు నెలల లోపు ఫోటో, పిల్లలకి జనన ధ్రువపత్రం. ఫీజు 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా వెనక్కి రాదు. గంటస్తంభం దగ్గర స్టూడియోలో తీయించిన ఫోటోల్లో మా నలుగురి మొహాలూ తెల్లగా మెరిసిపోయేలా సర్దేశాడా అబ్బాయి. ‘అలా వద్దు బాబూ, మాలాగే ఉండాలి’ అని మళ్ళీ తీయించాను. ఐదు రోజుల్లో వచ్చింది.

స్కూలు వైపు: విదేశానికి వెళ్ళాలంటే సెలవుల్లోనైనా శాఖ అనుమతి కావాలి. ఫిబ్రవరిలోనే హెచ్‌ఎం ద్వారా అర్జీ పంపాను, మొన్న చేతికొచ్చింది. టీచర్లెవరైనా ఇది చదివితే: టికెట్ కన్నా ముందు అర్జీ పెట్టండి.

మే 5

డబ్బు, సామాన్లు. మా బ్యాంకు ఇచ్చిన ఫారెక్స్ కార్డులో సింగపూర్ డాలరుంది, రింగిట్ లేదు. రింగిట్లు కొన్ని నోట్లుగా తీసుకున్నాం, రింగిట్టుకి పదిహేడు రూపాయల చిల్లర పడింది. సింగపూర్ మెట్రోలో బ్యాంకు కార్డే గేటుకి తాకిస్తే చాలు, కానీ బయటిదేశం కార్డుకి రోజుకి 60 సెంట్లు అదనం, మనిషికొక కార్డు. మూడు రోజులకి ఫర్వాలేదు. కౌలాలంపూర్ విమానాశ్రయం రైలు 28 నిమిషాల్లో చేరుస్తుంది, మనిషికి 55 రింగిట్లు. నలుగురుంటే యాప్‌లో కారు పిలుచుకోవడమే చవక. ప్లగ్గులు రెండు దేశాల్లోనూ ఒకటే, చదరపు మూడు కాళ్ళవి, మనవి దూరవు. రెండు అడాప్టర్లు, మన ఇంటి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి. నాలుగు ఫోన్లున్న ఇంటికి అంతకన్నా మంచి ఉపాయం లేదు.

వెళ్ళేటప్పుడు చేతి సంచి పది కిలోలు, వచ్చే విమానంలో ఏడే. కాబట్టి మొదటినుంచీ ఏడే. వంటింటి కాటా మీద తూస్తున్నాం. ఆవకాయ చేతి సంచిలో రానివ్వరు, పెద్ద బ్యాగులో పెట్టాలి. అదే అత్తయ్య కోపం కూడా: ‘ఆవకాయ పెట్టుకునే రోజుల్లో ఊళ్ళట్టుకు తిరుగుతారేటే?’ రాజీ కుదిరింది. కాయలు ఈ ఆదివారమే తెప్పించి ముక్కలు కొట్టించాం. ఊరడానికి ఆవిడే కాపలా. మాకు పోయినేటిది చిన్న సీసాడు.

అబ్బాయి బబుల్‌గమ్ పొట్లాలు బయటికి తీయించాను. సింగపూర్‌లోకి అది తీసుకెళ్ళకూడదు. నమ్మలేదు, తనే వెతికి చూసుకుని వచ్చి ఇచ్చేశాడు.

పిల్లలకి పనులు: సింగపూర్ అరైవల్ కార్డు, మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు అమ్మాయి బాధ్యత. రెండూ మూడు రోజుల ముందే తెరుచుకుంటాయి, రెండూ ఉచితం, డబ్బడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు. మలేషియాది మేము సింగపూర్ చేరాక గదిలో కూర్చుని నింపాలి. దారి చూపడం అబ్బాయి పని. ప్రతి ఊళ్ళోనూ ఒక పూట ఏ ప్లానూ లేకుండా వదిలాను. ఆ ఖాళీ పూట రాసేటప్పుడే నా చెయ్యి ఆగింది, మళ్ళీ ఏదో నింపబోయి.

మలక్కాలో 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివారు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళు అని మొదలుపెడితే, ‘అమ్మా, వేసవిలో కూడా పాఠమేనా’ అన్నాడు. గుడి కోటా రెండు: కౌలాలంపూర్ దగ్గర బాటు గుహల మురుగన్ గుడి, 272 మెట్లు, ఒకటి. రెండోది ఇంకా తేల్లేదు.

మే 15

పోలింగ్ సామగ్రి అప్పజెప్పి ఇంటికొచ్చేసరికి 14 తెల్లవారుజామున మూడు. నిన్నంతా నిద్ర. లేచి చూస్తే అమ్మాయి సింగపూర్ కార్డులు నాలుగూ నింపేసి, ప్రింట్లు తీసి, ఫోల్డర్‌లో పెట్టింది. మావారి ఇంటిపేరు గడి దగ్గర మాత్రం పసుపు కాగితం అంటించి ‘చూడు’ అని రాసింది. సరిగ్గానే ఉంది.

సంచులు: నాది 6.8, మావారిది 6.5, అమ్మాయిది 7.4, అబ్బాయిది 4.1. ఫిజిక్స్ పుస్తకం వాడి సంచిలోకి మారింది. రేపు సాయంత్రం ఐదున్నరకి కారు చెప్పాం.